నూకరత్నం ఏడుపు

ఏడవడానికి గొంతు కావాలని మా ల్యాబుకి వచ్చిన మనిషి నూకరత్నం ఒక్కతే. మిగతా వాళ్లంతా ఉద్యోగం పోయేలా ఉందనో, ఫోన్లో మాట్లాడలేకపోతున్నామనో, నలుగురిలో నోరు విప్పాలంటే సిగ్గుగా ఉందనో వచ్చేవాళ్లు. ఈవిడ మాత్రం విశాఖ జాలరిపేట నుంచి, కొంగు నడుముకి దోపుకుని, చెల్లెలు అప్పలకొండని వెంటేసుకుని వచ్చి మా డైరెక్టరు ఎదురుగా కూర్చుంది. నోరు తెరిచింది. పెదాలు కదిలాయి, కాస్త గాలి వచ్చింది, అంతే.

గొంతులో కణితి పుట్టి స్వరపేటిక నరాల్ని తినేసిందట. కణితి తీశారు, మనిషి బతికింది, గొంతు పోయింది. ఆ తర్వాత చేసిన ఆపరేషన్లు ఏవీ దాన్ని తిరిగి తేలేకపోయాయి. చేపల బజార్లో అక్క పక్కన కూర్చుని, అక్క పెదాలు చూసి, అక్క మాటలు అరిచి చెప్పడం అప్పలకొండకి అలవాటైపోయింది.

“మాయమ్మ మంచాన పడ్డాదండి,” అంది అప్పలకొండ, అక్క పెదాల మీంచి చూపు తిప్పకుండా. “ఈ వానలు దాటదంట. మా ఇంట్లో పెద్దకూతురు ఏడుపెత్తుకున్నాకే మిగతావోలు నోరిప్పాల. అక్క ఎత్తుకోకపోతే మాయమ్మ శవం కాడ సడీ సప్పుడూ ఉండదు. అందుకని గొంతీమంతాది.”

డైరెక్టరు డాక్టర్ శ్రీవత్స నవ్వాడు. నవ్వి నా వైపు తిరిగి, “ఏడుపు కోసం గొంతట. భలే ఉంది కదూ హైమా?” అన్నాడు. ఎదురుగా ఉన్న మనిషికి నోరు లేదు గానీ చెవులున్నాయన్న జ్ఞానమైనా లేదు మహానుభావుడికి. నాకు ఒళ్లు మండింది.

నేను స్పీచ్ థెరపిస్టుని. గొంతు చెడిన వాళ్లకి ఊపిరి ఎలా పట్టాలో, మాట ఎక్కడ మొదలుపెట్టాలో నేర్పించడం నా పని. ఎంత నేర్పినా రాని వాళ్ల కోసం మా ల్యాబు ఒక వలయం తయారుచేసింది. మెడకి పెట్టుకుంటే దాని లోపలి వైపున్న చిన్న చిన్న బిళ్లలు గొంతుకి అంటుకుంటాయి. మనిషి మాట్లాడబోయినప్పుడు నాలుకలో, దవడలో, గొంతు కండరాల్లో పుట్టే కదలికల్ని పట్టుకుని, గొంతు గుంట దగ్గరున్న బొత్తాం అంత స్పీకరులోంచి మాట బయటికి పంపిస్తుంది. దానికి మావాళ్లు నోరు తిరగని ఇంగ్లీషు పేరొకటి పెట్టారు. చూడ్డానికి పాతకాలం నగలా ఉందని నేను కంటె అనేదాన్ని. చివరికి ఆ పేరే నిలిచింది.

మొదటిసారి ఆవిడ మెడకి కంటె పెట్టి, “ఏదైనా అను నూకరత్నమ్మా,” అన్నాను.

ఆవిడ పెదాలు కదిలాయి. కంటె పలికింది. “ఏమిటమ్మా, ఇది నిజంగా మాట్లాడుతుందా?”

ఆడగొంతే, తేటగా ఉంది. అప్పలకొండ మాత్రం నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. “ఓలమ్మో! అక్క అలగన్లేదండి. ‘ఏటే, ఇది పలుకుతాదేటి’ అన్నాది. ఈ టీవీలో వార్తలు సదివే ఆవిడెవులండీ?”

నూకరత్నం కంటె పీకి బల్ల మీద పెట్టేసింది. పెట్టదా మరి! మా ఇంజనీరు నిఖిలేశ్ దానికి నేర్పినవన్నీ వార్తలు, పాఠాలు, ఉపన్యాసాలు. ఈ మనిషి మాట తీరు దానికి తప్పులా కనిపించింది, దిద్దేసింది.

దాన్ని మార్పించడానికి నేను ఆ గదిలో పడిన పోట్లాట ఇంతా అంతా కాదు. నూకరత్నం పాత గొంతు ఎక్కడైనా రికార్డయిందా అని వెతికితే, ఒక పెళ్లి వీడియో, చేపలరేవులో ఎవరితోనో తగువుపడుతున్న వీడియో దొరికాయి. ఆ తగువు చూస్తూ శ్రీవత్స జేబురుమాలు తీసి ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు. వీడియోలోంచి నీచు వాసన కొడుతుందా ఎక్కడైనా? అంత చదువుకున్న మనిషి చేసిన పనికి రోత పుట్టింది నాకు. చివరికి బూతులు తీసేసే షరతు మీద ఒప్పుకున్నాడు. కంటె ఆవిడ యాసలో, ఆవిడ గొంతుతో పలకడం మొదలుపెట్టింది.

ఒక్కటి మాత్రం మార్చలేదు. దగ్గు, కఫం, ఎక్కిళ్లు, వెక్కిళ్లు వచ్చినప్పుడు గొంతు కండరాలు ఇష్టం వచ్చినట్టు కదులుతాయి. వాటన్నిటినీ కంటె చెత్త కింద లెక్కగట్టి వదిలేసేది. మరీ గజిబిజి అయితే ఆగి, తన సొంత గొంతుతో, అదే ఆ వార్తల ఆవిడ గొంతుతో, “స్పష్టంగా లేదు. దయచేసి మళ్లీ చెప్పండి,” అనేది. నూకరత్నానికి పొలమారినప్పుడల్లా అది అలా అడిగేది. అప్పుడు మేమంతా నవ్వుకున్నాం కూడా.

తర్వాతి వారం నేను చేపల బజారుకి వెళ్లాను. దూరం నుంచే వినపడింది. “రాండి బాబూ రాండి, వంజరం, సందువా! సముద్రం ఇంకా తడారలేదు, సూసుకోండి!” ఒకాయన చేప మొప్ప ఎత్తి చూసి మొహం చిట్లిస్తే, “ఏటి బాబూ, పెళ్లిసూపులేటి? కొంతే కొను, లేపోతే సెయ్యి తియ్యి,” అంది కంటె. చుట్టూ ఉన్న ఆడవాళ్లు పగలబడి నవ్వారు. ఇన్నాళ్లూ అక్క కోసం అరిచి అరిచి బొంగురుపోయిన అప్పలకొండ, ఆ రోజు కత్తిపీట ముందు హాయిగా నోరు మూసుకుని కూర్చుని చేపలు కోసుకుంటోంది. నాకు చాలా సంతోషం వేసింది.

ఆ సాయంత్రమే నన్ను ఇంటికి తీసుకెళ్లారు. తల్లి కాసులమ్మ నులకమంచం మీద ఒక పక్కకి ఒత్తిగిలి ఉంది. మనిషి సగమైపోయింది గానీ కళ్లలో పెత్తనం పోలేదు. పేటలో ఎవరు పోయినా ముందు ఆవిడకే కబురొచ్చేదట. పోయిన మనిషి చేసిన మంచీ, పడిన పాట్లూ, తిన్న తిట్లూ అన్నీ రాగం తీసి చెప్పి ఏడిచేదట. వలలు ఆరేసుకుంటున్న మగవాళ్లు కూడా పని ఆపి కళ్లు తుడుచుకునేవాళ్లట.

నూకరత్నం మాటలు వినగానే ముసలావిడ మొహం విప్పారింది. “వచ్చిందే నీ నోరు! అయితే ఓపాలి ఏడిసి సూపీయే. సచ్చినాక నానెలాగూ ఇన్ను కదా, ఇప్పుడే ఇంతాను.”

“ఊరుకోయే, ఏటా మాటలు,” అంది అప్పలకొండ.

“నువ్వూరుకో. ఏడవే రత్నం.”

నూకరత్నం తల్లి మంచం పట్టె పట్టుకుని కింద కూర్చుంది. ముందు నవ్వింది. తర్వాత తల్లి చెయ్యి చూసింది, ఎముకలూ నరాలూ తప్ప ఏమీ లేని ఆ చెయ్యి. నవ్వు ఆగిపోయింది. భుజాలు ఎగిరిపడ్డాయి, మెడ నరాలు ఉబ్బాయి, నోరు పూర్తిగా తెరుచుకుంది. నిజం ఏడుపే అది, ఉత్తుత్తిది కాదు.

కంటె మాత్రం నింపాదిగా అంది. “అమ్మా. నన్నొగ్గేసి ఎలిపోతన్నావా అమ్మా.”

బజారుకి వెళ్తున్నావా అని అడిగినట్టుంది. ఆవిడ ఇంకా గట్టిగా ఏడిచింది. కంటె ఆగి, వార్తల గొంతుతో, “స్పష్టంగా లేదు. దయచేసి మళ్లీ చెప్పండి,” అంది.

కాసులమ్మ మొహం చేదు మింగినట్టయింది. “ఛీ, ఇదా ఏడుపు? కరెంటు బిల్లోడు పిలిసినట్టున్నాది. నా శవం కాడ దీన్ని పలికించినావంటే లేసొచ్చి లెంపకాయ కొడతాను,” అని అటు తిరిగి పడుకుంది.

నూకరత్నం నా వైపు చూసింది. కంటె తీసేసి, ఉత్త పెదాలతోనే అడిగింది. అప్పటికి నాకూ ఆవిడ పెదాలు చదవడం వచ్చింది. ఏడుపు కోసమే కదమ్మా వచ్చాను, అంది. సరిచేయిస్తానని మాటిచ్చాను.

మర్నాడే శ్రీవత్స గదిలోకి వెళ్లాను. “ఏడుపుని చెత్తలో పడేస్తోంది మీ కంటె. దాన్ని బయటికి రానివ్వాలి,” అన్నాను.

“ఏడుపు మాట కాదు హైమా. మనం చేసేది మాటలు పలికే యంత్రం.”

“ఆవిడ అడిగింది ఏడుపే.”

“ఆవిడ అడిగిందని దగ్గూ తుమ్మూ కూడా పలికిస్తామా?” అని, కాసేపు ఆలోచించి, ఉన్నట్టుండి మెత్తబడ్డాడు. “సరే, చేద్దాం. అయినా దానికి ఏడుపంటే ఏమిటో నేర్పాలంటే ముందు అసలైన ఏడుపులు కావాలి కదా. ఆఫీసులో కూర్చుని ఏడిస్తే పనికిరాదు.” నిఖిలేశ్ తలూపాడు. ఆ మెత్తదనం చూసి నేను నమ్మాను.

వానలు ఇంకా జోరుగా ఉండగానే కాసులమ్మ పోయింది. పొద్దున్నే అప్పలకొండ ఫోన్ చేసింది. నేను వెళ్లేసరికి నిఖిలేశ్ నాకంటే ముందే అక్కడున్నాడు. గడప దగ్గర నిలబడి, చేతిలో ట్యాబ్, ఇంకో చేతిలో కొత్త కంటె. “మార్చాం మేడమ్. ఇప్పుడు బాగా ఏడుస్తుంది,” అన్నాడు. పక్కన ఆ మాట విన్న ముసలాయన ఒకాయన వాడిని ఎగాదిగా చూశాడు.

శవాన్ని చాప మీద పడుకోబెట్టారు. ఇల్లంతా ఆడవాళ్లు. గుమ్మం బయట మగవాళ్లు గొడుగులు పట్టుకుని నిలబడ్డారు. అంతమంది ఉన్నా చప్పుడు లేదు. అందరూ నూకరత్నం కోసం చూస్తున్నారు. అప్పలకొండ పంటితో పెదవి కొరుక్కుంటూ కూర్చుంది, పెద్దది ఎత్తుకోకుండా తను ఎత్తుకోకూడదు కదా.

నిఖిలేశ్ కంటె పెట్టాడు. నూకరత్నం తల్లి తలని ఒళ్లోకి తీసుకుంది. నోరు తెరిచింది. ఒళ్లంతా కదిలిపోయేలా ఏడిచింది.

“అమ్మా,” అంది కంటె. “నన్నొగ్గేసి ఎలిపోనావా అమ్మా. ఇంక నన్నెవులు తిడతారు అమ్మా.”

ఏ మార్పూ లేదు. అదే నింపాది, అదే మర్యాద. మూల కూర్చున్న పిల్ల ఒకతి కిసుక్కున నవ్వింది, పక్కనావిడ దాని నెత్తి మీద ఒక్కటిచ్చింది. నూకరత్నం గుండె బాదుకుంది. ఊపిరి అందక ఎగశ్వాస వచ్చింది.

“స్పష్టంగా లేదు,” అంది వార్తల గొంతు. “దయచేసి మళ్లీ చెప్పండి.”

కాసులమ్మ శవం మీద వంగి ఉన్న మనిషిని ఆ మాట అడిగింది. వాన చప్పుడులో కూడా అందరికీ వినపడింది. నిఖిలేశ్ వైపు చూస్తే వాడు కంగారుపడటం లేదు. ట్యాబ్ మీద ఏదో గీత ఎగిరి పడుతుంటే శ్రద్ధగా చూసుకుంటున్నాడు. అప్పుడు అర్థమైంది నాకు. వాళ్లు ఏమీ మార్చలేదు. చుట్టూ వినపడేదంతా రికార్డు చేసుకునేలా దాని చెవులు మాత్రం పూర్తిగా తెరిచి పెట్టారు. ఏడుపు పలికించడానికి రాలేదు వాడు, ఏడుపు పట్టుకుపోవడానికి వచ్చాడు.

నూకరత్నం కంటె పీకి మూలకి గిరాటేసింది. మళ్లీ నోరు తెరిచింది. గాలి తప్ప ఏమీ రాలేదు. అయినా ఆపలేదు. చెల్లెలి మెడ పట్టుకుని తన వైపు లాక్కుని, దాని మొహంలో మొహం పెట్టి, పెదాలతో ఏడిచింది. అప్పలకొండ ఆ పెదాలనే చూస్తూ గొంతెత్తింది.

“ఓలమ్మో! నన్నొగ్గేసి ఎలిపోనావా అమ్మా! గంపెత్తుకుంతే నడుం నొప్పని నానన్నానే, నా గంప నువ్వెత్తుకున్నావే అమ్మా! నా నోరు పోతే నీ నోరే పోయినట్టు ఏడిసినావే! నీకియ్యాల ఏడిసే నోరు నాకాడ లేకపోనాదే అమ్మా!”

మాట అక్కది, గొంతు చెల్లెలిది. ఆ తర్వాత ఇల్లంతా గొల్లుమంది. వాన కింద నిలబడ్డ మగవాళ్లు కూడా ఏడిచారు. నేనూ ఏడిచాను. నిఖిలేశ్ మూలకి వెళ్లి కంటె తీసి, తడి తుడిచి, బ్యాగులో పెట్టుకున్నాడు. అది ఇంకా వింటూనే ఉంది.

తర్వాత నేను శ్రీవత్సని కడిగేశాను. రికార్డు చెరిపెయ్యమన్నాను. “అలాగే హైమా, బాధపడకు, తీసేయిస్తా,” అన్నాడు. తీసేశాం అని కూడా చెప్పాడు.

ఒక మధ్యాహ్నం నిఖిలేశ్ గది ముందు నుంచి వెళ్తుంటే లోపల్నించి అప్పలకొండ ఏడుపు వినపడింది. తలుపు తోసి చూస్తే నిఖిలేశ్ కుర్చీలో వెనక్కి వాలి ఎగ్ పఫ్ తింటున్నాడు. స్పీకర్లలోంచి “ఓలమ్మో, నన్నొగ్గేసి ఎలిపోనావా” అని వస్తోంది. వాడు వేలితో తెర మీద ఒక గుండీ కిందికి జరిపితే ఏడుపు సన్నగా అయింది, పైకి జరిపితే ఇల్లెగిరిపోయేలా అయింది. అమ్మా అన్న చోట నాన్నా అని పెట్టాడు, ఏవండీ అని పెట్టాడు, అన్నీ అతికాయి.

“కొత్త సదుపాయం మేడమ్. శోకం. తక్కువ, మధ్యస్థం, ఎక్కువ,” అన్నాడు, మీసానికంటిన పఫ్ పొట్టు దులుపుకుంటూ. “ఇది ఆవిడకి కూడా ఇస్తాం. ఇంక ఏ లోటూ ఉండదు.”

“ఆవిడ తల్లి పోయింది. ఇంకెవరి కోసం ఏడవాలి రా దరిద్రుడా?” అన్నాను. నిజంగానే రా అన్నాను.

“కంటె పెట్టించుకున్న రోజే ఒప్పుకున్నారు కదా మేడమ్. దానికి వినపడేదంతా ల్యాబుదే.”

అక్కడ్నించి నేరుగా బజారుకి వెళ్లి నూకరత్నానికి జరిగిందంతా చెప్పాను. ఆవిడ చేప పొలుసు గీస్తూ వింది. కంటె లేదు మెడలో, తల్లి పోయిన రోజు నుంచి పెట్టుకోలేదు. మళ్లీ చెల్లెలే అరుస్తోంది. అంతా విన్నాక ఆవిడ పెదాలు కదిలాయి. అప్పలకొండ చెప్పింది. “మాయమ్మ కాడ ఏడిసిన ఏడుపు ఆల కాడ ఉండిపోనాదా? అయితే ఎల్లి తెచ్చుకుంతాను, అంతాదండి.”

మా ల్యాబు వాళ్లు కొత్త కంటెని లోకానికి చూపించే సభ పెట్టి, నూకరత్నాన్నీ రమ్మన్నారు. సముద్రానికి ఎదురుగా పెద్ద హోటల్లో హాలు, ముందు వరసల్లో కోట్లు, పట్టుచీరలు. నూకరత్నం నీలం నేత చీర కట్టుకుని, చెల్లెలితో వచ్చింది. శ్రీవత్స ఎదురెళ్లి, “రండమ్మా రండి, మీరు లేకపోతే ఇదంతా ఎక్కడిది?” అని చెయ్యి పట్టుకుని స్టేజీ ఎక్కించాడు. ఆ తేనె పూసిన గొంతు వింటే నాకు వెగటు పుట్టింది. ఆవిడకి శాలువా కప్పాడు. ఫోటోలు తీశారు. తర్వాత మెడకి కంటె పెట్టి, మైకు దగ్గరగా జరిపి, “మీ అమ్మగారిని తలుచుకుని ఒక్కసారి మీ బాధ చెప్పండమ్మా,” అన్నాడు. స్టేజీ పక్కన నిఖిలేశ్ గుండీని ఎక్కువ దగ్గర పెట్టాడు.

నేను ఆవిడ పెదాలనే చూస్తున్నాను. కళ్లలో చుక్క నీరు లేదు. నిటారుగా నిలబడి, శ్రీవత్స మొహంలోకి చూస్తూ, బజార్లో బేరం తెగ్గొట్టినట్టు అంది ఆవిడ. నా ఏడుపు నాకిచ్చీండి, మాయమ్మది అది, మీది కాదు.

కంటె బావురుమంది.

“ఓలమ్మో! నా ఏడుపు నాకిచ్చీండే అమ్మా! మాయమ్మది అదే అమ్మా! మీది కాదే అమ్మా!” అప్పలకొండ రాగం, అప్పలకొండ ఎగశ్వాస, ఆ వానరోజు ఇంట్లో తెగిపడిన వెక్కిళ్లు అన్నీ దాన్లో ఉన్నాయి. హాలంతా మారుమోగింది. ముందు వరసలో ఒకావిడ కళ్లద్దాలు తీసి కళ్లు తుడుచుకుంది. ఒకాయన లేచి చప్పట్లు మొదలుపెట్టాడు. అందరూ లేచారు. శ్రీవత్స చేతులు జోడించి వంగి వంగి దండాలు పెడుతున్నాడు. తన గొంతు తన కళ్లముందే అమ్ముడుపోతుంటే, అప్పలకొండ నా పక్కన నిలబడి నా చెయ్యి పిసికేసింది.

నూకరత్నం చప్పట్లు ఆగేదాకా కదల్లేదు. ఆగాక శ్రీవత్సకి దగ్గరగా జరిగింది. ఆయన ఫోటో కోసం నవ్వు మొహం పెట్టాడు.

ఉమ్మడానికి గొంతు అక్కర్లేదు. ఆవిడ కాండ్రించి, ఆయన కోటు మీద, సరిగ్గా బంగారు బ్యాడ్జీ మీద ఉమ్మింది.

నిఖిలేశ్ చేతులాడక గుండీ వదిలేశాడు. మైకు ముందున్న కంటె మాత్రం, తేటగా, మర్యాదగా, హాలంతా వినిపించేలా అంది.

“స్పష్టంగా లేదు. దయచేసి మళ్లీ చెప్పండి.”

నూకరత్నం మళ్లీ చెప్పింది.